మితాను: బస్తరు సీమలో మైత్రికి పెట్టిన పేర్లు

కుచేలోపాఖ్యానము తెలియని తెలుగువారు అరుదు. ఒకే గురువునొద్ద చదివిన యిద్దరు స్నేహితులలో ఒకడు ద్వారకాధీశుడయ్యెను. రెండవవాడు చినిగిన బట్టతో మిగిలెను. పేదవాని భార్య ఇరుగుపొరుగు ఇండ్లలో నాలుగు పిడికిళ్ల అటుకులు అడిగి తెచ్చి, చింపిగుడ్డలో ముడివేసి భర్త చేతికిచ్చెను. ద్వారకలో ఆ మూటను విప్పుటకు మిత్రుడు సిగ్గుపడగా, కృష్ణుడు తానే లాగికొని పిడికెడు తినెను. ఆ తరువాత కలిగిన భోగభాగ్యముల కొరకు ఈ కథను పారాయణము చేయువారున్నారు. కాని కథకు ఆయువుపట్టు ఆ భాగ్యము కాదు, అటుకుల మూట. ద్వారకలో అటుకులకు కొరత లేదు. అయినను కృష్ణుడు వానిని కోరెను. ఏలయన, ఇద్దరికిని ఇష్టమైన అల్పవస్తువు ఒకటి నడుమ ఉన్నప్పుడే రాజును బిచ్చగాడును మరల ఇద్దరు బాలురు కాగలరు.

ఈ సత్యమును కథగా చెప్పి ఊరకుండక, ఒక సంఘనియమముగా మలచుకొన్న ప్రదేశమొకటి మన పొరుగుననే కలదు. నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని పల్లెలలో స్నేహము కేవలము మనసునకు సంబంధించిన విషయము కాదు. దానికొక కర్మ కలదు, సాక్షులు కలరు, జీవితాంతము నిలుచు ధర్మములు కలవు. అన్నింటికంటె వింత యేమనగా, దానికొక పేరు కలదు. ఆ పేరు ఒక వస్తువుది. ఇద్దరు స్నేహితులు ఏ వస్తువును ఇచ్చిపుచ్చుకొందురో, ఆ వస్తువు పేరే ఆనాటి నుండి వారికి పరస్పరము పేరగును. ఇట్టి స్నేహితుని అక్కడ ‘మితాన్’ అందురు; స్త్రీయైనచో ‘మితానిన్’. సంస్కృతములోని మిత్రశబ్దమే జనుల నోట నలిగి ఈ రూపము దాల్చినది.

ఈ ఆచారము మహానదీ మైదానములలో బలముగా వేళ్లూనినది. అచ్చట నుండి దక్షిణముగా బస్తరు అడవులలోనికి వచ్చిన కొలది దాని రూపము కొంత మారును. కొన్ని కొత్త పేర్లు చేరును. బస్తరునకు దక్షిణపు కొసన ఉన్నది సుక్మా. పూర్వము ఇది బస్తరు సంస్థానములో ఒక జమీందారి. సంస్థానము 1948లో భారతదేశమున విలీనమయ్యెను. 1998లో దంతెవాడ ప్రత్యేక జిల్లాగా ఏర్పడగా సుక్మా అందులోనికి పోయెను. 2012 జనవరిలో తానే ఒక జిల్లా అయ్యెను. ఒడిస్సా కొండలలో పుట్టి, ఎగువన కొలాబు అను పేరుతో ప్రవహించిన శబరీనది సుక్మా పట్టణము ప్రక్కగా సాగి, కుంట దాటి, కూనవరమునొద్ద గోదావరిలో కలియును. ఈ నదికి ఒక ఒడ్డున ఛత్తీస్‌గఢ్, వేరొక ఒడ్డున ఒడిస్సా. కొంత దిగువకు పోయినచో ఆంధ్రప్రదేశము. ఇచ్చటి ప్రజలలో గోండులు, ధుర్వాలు, హల్బాలు, దోర్లాలు కలరు. దోర్లాల మాట కోయభాషకు సన్నిహితమైనది. అందు తెలుగు పదములు మెండు. ధుర్వాల పర్జీ భాష కూడ ద్రావిడ కుటుంబమునకు చెందినదే. దానిపై బరో, భట్టాచార్య అను పండితులు 1953లో ఒక గ్రంథము ప్రకటించిరి. వీరందరు సంతలలో కలిసినపుడు మాటాడుకొనుటకు ఆర్యభాషాకుటుంబమునకు చెందిన హల్బీ తోడ్పడుచు వచ్చినది.

ఇన్ని జాతులు, ఇన్ని భాషలు ఒకే సంతలో ఒరసికొను సీమలో, రక్తసంబంధము లేని ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు నమ్ముటకు మార్గమేమి? చుట్టరికము తన కులమును, తన గోత్రమును దాటదు. రాజాజ్ఞ అడవి లోపలికి అంతగా చేరదు. ఆ యెడమును నింపుటకు పుట్టినదే మితాన్ అని తలపవచ్చును.

కర్మ ఆడంబరము లేనిది. ఇద్దరును పీటలపై ఎదురెదురుగా కూర్చుందురు. పెద్దలును బంధువులును చుట్టును ఉందురు. ఒకరి నుదుట ఒకరు బొట్టు పెట్టుదురు, కొబ్బరికాయ ఇచ్చిపుచ్చుకొందురు, శక్తి గలవారు వస్త్రములు కూడ ఇచ్చికొందురు. పిమ్మట తాము ఎంచుకొన్న వస్తువును, అది ఆకు కానిండు, పువ్వు కానిండు, మొలక కానిండు, నీరు కానిండు, ఒకరికొకరు అందించుకొందురు. అంతటితో కర్మ ముగిసినది, బంధము మొదలైనది. మన నోముల యందు వాయనము ఇచ్చునపుడు ఇచ్చితినని ఒకరును, పుచ్చుకొంటినని వేరొకరును ముమ్మారు పలుకుట తెలుగు స్త్రీలకు సుపరిచితము. ఇచ్చటను జరుగునది అట్టిదే. అయితే వాయనము నాటితో తీరును. మితాన్ తరములకు సాగును.

ఆ వస్తువుల పట్టికను చూచినచో, ఒక జానపదుడు తాను ప్రేమించు లోకమును వ్రేళ్లపై లెక్కపెట్టినట్లుండును. భోజలీ, జవారా, గంగాజలము, తులసీదళము, దవనపు రెమ్మ, గోవర్ధనము, మహాప్రసాదము, గజామూంగ్: ఇందులో బంగారము లేదు, వెండి లేదు, ఆయుధము లేదు. ఏ వస్తువును విలువ కొరకు ఎంచుకొనబడలేదు. పెరటిలో దొరకునదియో, పండుగనాడు అందరి చేతులలో ఉండునదియో మాత్రమే ఈ గౌరవమునకు అర్హమైనది.

భోజలీ సంగతి చూడుడు. శ్రావణమాసమున బాలికలు బుట్టలలో మన్ను నింపి గోధుమలు చల్లుదురు. వెలుతురు తగులనీయక, నీరు చిలుకరించుచు, పాటలు పాడుచు వానిని పెంచుదురు. ఎండ తగులని ఆ మొలకలు లేతపసుపు రంగున పొడుగుగా సాగును. శ్రావణపూర్ణిమ మరునాడు బుట్టలను తలపై పెట్టుకొని ఊరేగుచు పోయి చెరువులోనో ఏటిలోనో నిమజ్జనము చేయుదురు. మిగిల్చి తెచ్చిన మొలకలలో నాలుగింటిని ఒక బాలిక తన నెచ్చెలి చెవి వెనుక దోపును. ఆమెయు అట్లే చేయును. ఆ దినము మొదలు వారు ఒకరికొకరు ‘భోజలీ’. మన పెండ్లిండ్లలో పాలికలలో నవధాన్యములు మొలకెత్తించి నీటిలో కలుపుట కలదు. తెలంగాణమున బతుకమ్మను సాగనంపిన పిదప స్త్రీలు చెరువుగట్టున ఫలహారములు పంచుకొనుట కలదు. మొలకెత్తినది, పూచినది, నీటిలో కలిసిపోవునది అయిన వస్తువునెదుట మనుష్యుల మనసు మెత్తబడుట అన్ని సీమలకును సమానమే. కాని ఆ మెత్తదనమును ఆ క్షణముననే పట్టి, శాశ్వతమైన పేరుగా మార్చుట ఛత్తీస్‌గఢ్ వారి ప్రత్యేకత. చైత్రాశ్వయుజ నవరాత్రులలో దేవి ముందు పెంచిన మొలకలతో కట్టిన స్నేహము జవారా. దీపావళి వేళ గోవర్ధనపూజలో కట్టినది గోవర్ధనము.

మహాప్రసాదపు మైత్రి వీనిలో మిక్కిలి గంభీరమైనది. పూరీ జగన్నాథుని సన్నిధి నుండి యాత్రికులు తెచ్చిన ఎండిన అన్నపు మెతుకులే ఈ బంధమునకు సాక్షి. ‘సర్వం జగన్నాథం’ అను సామెత తెలుగువారు నిత్యము వాడుదురు. భేదములేక కలగలసిపోయినదని దాని అర్థము. పూరీలో స్వామి ప్రసాదమునకు ఎంగిలి లేదు, అంటు లేదు, ఎవరు తాకినను మైల లేదు అను నమ్మకము నుండి ఆ సామెత పుట్టినది. ఆ నమ్మకమునే ఇద్దరు స్నేహితులు తమ నడుమ నిలుపుకొనిరి. కులములు వేరైన ఇద్దరి మధ్య బంధము కట్టవలెనన్న, కులము తాకలేని వస్తువు కావలెను. అట్టిది ఆ దేశములో ఒక్క మహాప్రసాదమే.

జగన్నాథుడు బస్తరునకు వచ్చిన కథ కూడ మనకు ఆసక్తికరమైనది. బస్తరు రాజవంశీయులు తాము కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుని సంతతివారమని చెప్పుకొనిరి; 1323లో ఓరుగల్లు పతనమైన పిదప అతడు గోదావరి దాటి ఈ సీమకు వచ్చెనని వారి ఐతిహ్యము. ఆ వంశమున పురుషోత్తమదేవుడు అను రాజు పూరీకి యాత్ర చేసి రథపతి బిరుదముతో తిరిగివచ్చెననియు, బస్తరులో రథోత్సవములు అతనితోనే ఆరంభమైనవనియు చెప్పుదురు. జగదల్పూరులో ఆషాఢమాసమున జరుగు రథయాత్రను ‘గోంచా’ అందురు. పూరీ రథయాత్రలో లేని ఒక వేడుక ఇందు కలదు: పిల్లలును యువకులును ‘తుప్కీ’ అను వెదురు గొట్టములలో అడవికాయలను దూర్చి తుపాకుల వలె పేల్చుచు స్వామికి వందనమర్పింతురు. మరియొక ప్రత్యేకత గజామూంగ్. నానబెట్టి మొలకెత్తించిన పెసలును, పండిన పనసతొనలును కలిపి స్వామికి నివేదించి పంచుదురు. ఆషాఢమున బస్తరులో పనస పండు కాలము. పెసలు ప్రతి యింటను ఉండునవి. ఆ ప్రసాదమును ఇచ్చిపుచ్చుకొన్న మిత్రులు ఆనాటి నుండి ఒకరికొకరు ‘గజామూంగ్’. పూరీ అన్నము దూరదేశము నుండి రావలసినది. గజామూంగ్ సొంత చెట్టు నుండియు, సొంత చేను నుండియు వచ్చినది. దూరపు దేవుడు ఇంటిదేవుడగుటకు పనసతొన చాలినది.

ఇక ఈ ఆచారములో అత్యంత సున్నితమైన నియమమునకు వత్తము. మితాన్ కట్టిన పిదప ఆ ఇద్దరును ఒకరినొకరు సొంతపేరుతో పిలువరు. సంతలో ఎదురైనచో ‘సీతారామ్ మహాప్రసాద్’ అని పలుకరింతురు. పూర్వకాలపు తెలుగు ఇల్లాలు భర్త పేరు పలుకదు. ఆ మౌనము భయభక్తులకు గుర్తు. మితాను మౌనము అట్టిది కాదు. తల్లిదండ్రులు పెట్టిన పేరులో కులము ఉండవచ్చును, తెగ ఉండవచ్చును, భాష ఉండవచ్చును. ఆ పేరును ప్రక్కకు తొలగించి ఇద్దరును ఒకే పేరును ధరించిరి. మొదటివాడు రెండవవానిని పిలుచు పేరే రెండవవాడు మొదటివానిని పిలుచు పేరు. భాషలో దీనికంటె సంపూర్ణమైన సమానత్వము కనుగొనుట కష్టము. అన్నదమ్ముల పిలుపులో పెద్దచిన్నలు ఉండును. బావమరదుల పిలుపులో ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు ఉందురు. మితాను పిలుపులో రెండు వైపులు లేవు.

ఈ బంధము ఇద్దరితో ఆగదు. మితాను తల్లి ‘ఫూల్‌దాయి’, అనగా పూవు వంటి తల్లి, తండ్రి ‘ఫూల్‌దదా’. పెండ్లికి, చావుకు, పంటకు, కరవుకు మితాను ఇల్లు తన ఇల్లే. తండ్రులు కట్టిన మైత్రిని బిడ్డలు పాటించుట మర్యాద. రక్తము వలన కలిగిన తల్లికి విశేషణము అక్కరలేదు. స్నేహము వలన కలిగిన తల్లికి పువ్వును చేర్చిరి. ఏ కవియు ఈ పదమును కల్పింపలేదు. పల్లెజనులు తమ అవసరము కొరకు చేసికొన్న పదమిది.

మితాను వంటి ఆచారము తూర్పు భారతమున ఇతరచోట్లను కలదు. వంగదేశపు స్త్రీలు ‘సయి’ కట్టుకొని ఒకరినొకరు గంగాజలమనియు, మకరమనియు, వకుళపుష్పమనియు పిలుచుకొనెడివారు. సంతాలులలో ‘ఫూల్’ అను స్నేహము కలదు. నేపాలమున ‘మీత్’ కట్టుట నేటికిని పరిచితమైన మర్యాద. మహాప్రసాదపు సంగాతము ఒడిస్సాలోను ప్రసిద్ధమే. తెలుగులో సంగాతి, సంగడికాడు, నెచ్చెలి, నేస్తము మొదలైన అందమైన మాటలు ఎన్నియో ఉన్నవి కాని, వస్తువు పేరు మిత్రునికి పేరగు సంప్రదాయము మన మైదానములలో బలపడలేదు. మన సాహిత్యమున రామసుగ్రీవుల మైత్రికి అగ్ని సాక్షి. అది రాజుల మైత్రి; ప్రయోజనముతో కూడినది. మితాను మైత్రికి పనసతొన సాక్షి. ఆ మైత్రి నుండి జయింపవలసిన లంక లేదు.

ఇది యంతయు విని, అడవిజనులు అమాయకులనియు, వారి లోకమున ఇచ్చిపుచ్చుకొనుట యంతయు ప్రేమమయమే అనియు తలచుట పొరపాటు. అదే సంతలో వేరొక విధమైన మార్పిడి కూడ తరతరములుగా నడచినది. బస్తరులో ఉప్పు పుట్టదు. తూర్పుతీరపు ఉప్పును బంజారాలు ఎద్దులపై వేసికొని ఈ అడవులకు తెచ్చెడివారు. తరువాతి కాలమున వ్యాపారులు ఉప్పు ఇచ్చి సారపప్పు కొనుట మొదలిడిరి. పట్టణములో మిఠాయి దుకాణమున ఎంతో ధర పలుకు సారపప్పునకు ఎత్తుకు ఎత్తుగా ఉప్పు తూచి ఇచ్చుట బస్తరు సంతలలో చిరకాలము సాగిన అన్యాయము. ఇప్పపూవు, చింతపండు, తునికాకు వీని కథయు కొంచెమించుమించుగా ఇంతే. త్రాసు ఉన్నచోట, త్రాసును చదువనేరని వాడు ఓడిపోవును.

కావున ఆ సంతలో రెండు ధర్మములు ప్రక్కప్రక్కన నడచినవి. ఒకచోట రెండు వస్తువులు తూగవలెను. తూగినవని చెప్పుచునే ఒకడు రెండవవానిని దోచును. మరియొకచోట తూకమే లేదు. ఇరువురును ఒకే వస్తువును ఇచ్చికొందురు, కావున లాభనష్టముల ప్రసక్తి రాదు. మొలకకు మొలక, ఆకునకు ఆకు. వర్తకుని దృష్టిలో ఇది అర్థములేని మార్పిడి. చేతికి కొత్తగా వచ్చినది ఏమియు లేదు. కాని మైత్రికి అట్టి మార్పిడియే కావలెను. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ 1925లో ప్రకటించిన తన ప్రసిద్ధ వ్యాసమున, ఇచ్చుట, పుచ్చుకొనుట, మరల ఇచ్చుట అను మూడు విధులపై ప్రాచీన సంఘములు నిలిచినవని చూపెను. బస్తరు సంతలో త్రాసును మొలకను పక్కపక్కన చూచినవానికి ఆ సిద్ధాంతము వెంటనే అర్థమగును.

అల్పవస్తువులు మాట్లాడు ఈ భాష స్నేహమునకు మాత్రమే కాక తిరుగుబాటునకు కూడ పనికివచ్చెను. 1905లో ఆంగ్లప్రభుత్వము బస్తరు అడవులలో మూడింట రెండువంతులను రక్షితారణ్యముగా చేయదలచెను. పోడు వ్యవసాయము, వేట, అటవీవస్తుసేకరణ నిషిద్ధములు కానుండెను. అంతకుముందే 1899-1900లో కరవు వచ్చి జనులను క్రుంగదీసెను. 1907-08లో మరల వచ్చెను. 1910లో ‘భూమ్‌కాల్’ చెలరేగెను. కాంగేరు అడవులలోని ధుర్వాలు ముందు నిలిచిరి. నేతానార్ గ్రామపు గుండాధుర్ పేరు జనుల నోట నిలిచెను. లిపిలేని ఆ ప్రజలు తమ సందేశమును ఎట్లు పంపిరి? మామిడి కొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణములు ఊరి నుండి ఊరికి తిరిగెను. వానిని అందుకొన్న ఊరు తన వంతు ఖర్చును సమకూర్చెను. సంతలు, అధికారుల ఇండ్లు, ఠాణాలు దోపిడికి, మంటలకు గురియయ్యెను. సైన్యము అణచుటకు ఫిబ్రవరి నుండి మే వరకు పట్టెను. గుండాధుర్ పట్టుబడలేదు. రక్షితారణ్యపు పని తాత్కాలికముగా నిలిచి, తలపెట్టిన వైశాల్యము దాదాపు సగమునకు తగ్గింపబడెను.

మామిడి కొమ్మను చూచి ఊరంతయు లేచినదన్నచో అందలి ఆశ్చర్యము కొమ్మలో లేదు. నిత్యజీవితమున ఆకునకు, మొలకకు మాట నిలుపుట అలవడిన జనులకు, కష్టకాలమున ఆకు పంపిన మాటను నమ్ముట సులభమయ్యెను. ఆ మూడు నెలల చరిత్ర వెనుక అనేక తరముల చిన్నచిన్న నమ్మకములు ఉండియుండవలెను.

ఈ సీమలోని నిత్యవస్తువులను ప్రేమించిన ఇద్దరు చదువరుల స్నేహమును కూడ ఇచ్చట తలచుట ఉచితము. ఆక్స్‌ఫర్డులో చదివి 1927లో భారతదేశమునకు వచ్చిన వెరియర్ ఎల్విన్, మహారాష్ట్రుడైన శామరావ్ హివాలే, ఇరువురును 1932లో మైకాల్ కొండలలోని కరంజియా అను పల్లెకు పోయి గోండుల నడుమ నివసించిరి. వారిరువురి పేరనే 1935లో గోండుల పాటల సంపుటియు, 1944లో మైకాల్ కొండల జానపదగేయసంపుటియు వెలువడెను. 1940 ప్రాంతమున ఎల్విన్ బస్తరులో ఉండి చేసిన పరిశోధన ఫలితముగా మురియాల ఘోటుల్ పై బృహద్గ్రంథము 1947లో అచ్చయ్యెను. అందు యువకులు యువతుల కొరకు చెక్కిన దువ్వెనలను గూర్చియు అతడు రాజుల శాసనములకు చూపునంతటి శ్రద్ధ చూపెను. ఉత్తర బస్తరు మురియాల ఘోటుల్ లో చేరిన బాలబాలికలకు ఇంటి పేరు పోయి కొత్త పేరు వచ్చును. మితాను నియమమునకు ఇది దూరపు బంధువు. హివాలే తన మిత్రుని గూర్చి 1946లో ఒక గ్రంథము వ్రాసెను. ఎల్విన్ 1964లో మరణించెను. ఆ యేడాది వెలువడిన అతని ఆత్మకథకు 1965లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఒకడు విదేశీయుడు, ఒకడు స్వదేశీయుడు. వారిని కలిపినది గోండుల పాట, పొడుపుకథ, పల్లెయింటి అరుగు. కర్మ జరుపకున్నను వారు కూడ ఒక వస్తువు పేర బంధింపబడినవారే.

మితాను ఆచారము యొక్క హద్దులను కూడ చెప్పవలెను. మైత్రి కట్టుట వలన కులము తొలగిపోలేదు. మహాప్రసాదమును పంచుకొన్న ఇద్దరును మరునాడు వేర్వేరు పంక్తులలోనే కూర్చుండు కాలము ఉండెను. ఒకనికి భూమి ఎక్కువ, రెండవవానికి అప్పు ఎక్కువ అయినపుడు, పిలుపులోని సమానత్వము బ్రతుకులోనికి దిగి రాదు. పేరు ఒకటియైనంత మాత్రమున కంచము ఒకటి కాదు. అయినను, అట్టి సంఘములో ఇద్దరి మధ్యనైనను కులమును దాటు వంతెన ఒకటి ఉండుటయు, దానిని ఊరి పెద్దలే సాక్షులై గౌరవించుటయు సామాన్యమైన విషయము కాదు. వంతెన నదిని ఎండింపదు. దాటుటకు మాత్రము దారియిచ్చును.

ఆ దారి విలువను ఆధునిక ప్రభుత్వము కూడ గుర్తించెను. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడెను. పల్లెపల్లెకు వైద్యుని పంపు శక్తి కొత్త రాష్ట్రమునకు లేదు. 2002లో ప్రతి పారా నుండి, అనగా మన ఏజెన్సీ మాటలో ప్రతి గుంపు నుండి, ఒక స్త్రీని ఎన్నుకొని ఆరోగ్యవిషయములలో శిక్షణ నిచ్చు ఏర్పాటు మొదలయ్యెను. ఆమెకు కార్యకర్త అని కాని, సేవిక అని కాని పేరు పెట్టలేదు. ‘మితానిన్’ అని పెట్టిరి. ఇటువంటి స్త్రీలు అరువది వేలకు పైగా తయారైరి. 2005లో దేశమంతట ఆరంభమైన ‘ఆశా’ కార్యకర్తల పథకమునకు ఇది ఒక మార్గదర్శి. జ్వరమువచ్చిన బిడ్డ తల్లి అర్ధరాత్రి ఎవరి తలుపు తట్టును? ప్రభుత్వపు తలుపు తట్టుటకు జంకును. మితానిన్ తలుపు తట్టును. ఆ పేరు పెట్టినవారికి ఈ సంగతి తెలిసియుండవలెను. 2022లో ధ్రువపత్రములను ఇంటికి తెచ్చి ఇచ్చు ప్రభుత్వపథకమునకు కూడ మితాన్ పేరే పెట్టిరి. మాట ఇట్లు కాగితములలో విరివిగా వాడబడినకొలది అరిగిపోవుననియు భయపడవలెను. పిలుచుటకు మాత్రమే మిగిలిన పేరు బంధము కాదు.

ఇంతకంటె పెద్ద దెబ్బ వేరొక వైపు నుండి తగిలెను. 2005లో దక్షిణ బస్తరున సల్వాజుడుం అను పేర సాయుధవిద్రోహులకు వ్యతిరేకముగా ఒక ఉద్యమము మొదలై, ఊళ్లు రెండు పక్షములుగా చీలెను. లోపలి పల్లెల జనులు దోర్నపాల్, ఎర్రబోరు, కుంట మొదలైన రహదారి ప్రక్క శిబిరములకు తరలింపబడిరి. వేలకొలది కుటుంబములు శబరిని, గోదావరిని దాటి నాటి ఖమ్మము మండలపు అడవులలోనికి వచ్చి గుడిసెలు వేసికొనెను. అనేకచోట్ల సంతలు మూతపడెను. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా చేర్చుకొని ఆయుధములిచ్చి పోరాటమునకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ కాలమున ఒకే ఊరిలోని ఒకడు ఒక పక్షమున, వాని చిన్ననాటి తోడు వేరొక పక్షమున నిలిచిన సందర్భములు ఉండెను. మృతుల లెక్కలు, కాలిన ఇండ్ల లెక్కలు నివేదికలలో దొరకును. తెగిన స్నేహములకు లెక్క వ్రాయు పుస్తకము లేదు.

కాని ఆలోచింపుడు. మితాన్ కట్టుటకు ఏమేమి కావలెను? చుట్టును కూర్చుండుటకు ఒక ఊరు కావలెను. కలిసికొనుటకు సంత కావలెను. మొలక కొరకు చేను, పనస కొరకు చెట్టు, నిమజ్జనము కొరకు చెరువు కావలెను. అన్నింటికిని మించి, ఎదుటివాడు రేపు కూడ ఇచ్చటనే ఉండునన్న ధైర్యము కావలెను. శిబిరములో ఇవి ఒక్కటియు లేవు. ఊరు విడిచినవారు ఇత్తడిబిందెను, మేకపిల్లను వెంట తెచ్చుకొనగలరు. సంతను మూటగట్టి తేలేరు. ఈ ఆచారమును జానపదవింతగా మెచ్చుకొనువారు ఈ సంగతి మరువరాదు. అది నిలుచుటకు పాటలు సేకరించుట చాలదు; జనులు తమ ఊళ్లలో భయములేక నిలుచుటయే దానికి పునాది.

తెలుగు పాఠకునకు ఇది పరాయి విషయము కాదు. అడవిలోని వృద్ధురాలు రాముని కొరకు వన్యఫలములు కూర్చి ఉంచెనని వాల్మీకి చెప్పెను. ఆమె ఒక్కొక్క పండును కొరికి, తీయనిదే ఇచ్చెనని తరువాతి భక్తులు చేర్చిరి. ఆమె పేరనే ప్రవహించు నది సుక్మా నుండి మన వైపునకు వచ్చును. ఎంగిలిపండును కూడ స్నేహమునకు తగిన కానుకగా భావించిన భక్తుల ఊహకును, కుచేలుని అటుకులకును, గోంచానాటి పెసలపనసల ప్రసాదమునకును మూలము ఒకటియే.

గంగాజలమును పంచుకొన్న ఇద్దరు ఆజన్మాంతము ఒకరినొకరు ‘గంగాజల్’ అని పిలుచుకొందురని పైన చెప్పితిమి. కూనవరమునకు దిగువన గోదావరినీరు త్రాగుచున్న ప్రతి తెలుగువాడును సుక్మా వాకిటి మీదుగా వచ్చిన నీటినే కొంత త్రాగుచున్నాడు. ఆ నీటిని వారు ఎగువన ముంచుకొందురు, మనము దిగువన ముంచుకొందుము. ఛత్తీస్‌గఢ్ పల్లెల నియమము ప్రకారము చూచినచో ఇచ్చిపుచ్చుకొనుట ఎన్నడో జరిగిపోయినది. పీటలు వేసి, బొట్టు పెట్టి, పేరు పెట్టి పిలుచుట మాత్రమే మిగిలియున్నది.